రిజిస్టర్‌లో వయసు గడి లేదు: ఒక మందుల షాపు నుంచి బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, ఔషధ నియంత్రణ శాఖ, ఇంటర్మీడియట్ విద్యా మండలి అధికారులకు, పిల్లలకి మందు రాసే డాక్టర్లకు, నాలాగే కౌంటర్ వెనక కూర్చునే ఫార్మసిస్టులకు

నమస్కారం.

విజయవాడ శివార్లలో 19 ఏళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. బీఫార్మసీ చదివాను, లైసెన్సు నా పేరు మీదే ఉంది, కౌంటర్లో కూర్చునేదీ నేనే. (ఈ మూడో ముక్క కూడా విడిగా చెప్పుకోవాల్సి రావడం మా వృత్తి పరిస్థితి.) షాపుకి అటూ ఇటూ కిలోమీటరు లోపల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల హాస్టళ్ళు ఐదున్నాయి. షాపు పెట్టిన కొత్తలో ఆ పిల్లలు కొనేవి జ్వరం బిళ్ళలు, గజ్జి మందు, ఓఆర్‌ఎస్ పాకెట్లు. ఇప్పుడు అదే వయసు పిల్లల పేర్లతో వచ్చే చీటీల్లో ఎస్సిటాలోప్రామ్ (డిప్రెషన్‌కి), క్లోనజెపాం (టెన్షన్‌కి, నిద్రకి), ప్రొప్రనలాల్ (గుండెదడకి) కనిపిస్తున్నాయి. అప్పుడప్పుడు తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే క్వెటియాపిన్ కూడా. ఒకప్పుడు నెలకి ఒకటి వస్తే గొప్ప. పోయిన ఫిబ్రవరిలో రోజూ వచ్చాయి.

ఈ సంగతి మీద రెండుసార్లు అర్జీ పెట్టాను. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి సెల్‌కి మెసేజ్ వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించబడినది." ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో అందులో లేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను ఈ మందులకి వ్యతిరేకిని కాను, మందులు అమ్మే బతుకుతున్నాను. పద్దెనిమిది నిండని పిల్లలకి డిప్రెషన్ రాదని, అదంతా చదువు ఎగ్గొట్టే వేషాలని అనే పెద్దమనుషుల పక్కన నిలబడే ఉద్దేశం అసలే లేదు. ఫ్లూక్సెటిన్‌ని 8 ఏళ్ళు దాటిన పిల్లల డిప్రెషన్‌కి వాడొచ్చని అమెరికాలో 2003లోనే అనుమతిచ్చారు. మంచి డాక్టరు చేతిలో ఆ మందుతో తేరుకుని మళ్ళీ క్లాసుకి వెళ్ళిన అమ్మాయి నాకు తెలుసు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండులో లేవు.

నా ఫిర్యాదు వేరే. మాట్లాడే మనిషి ఉండాల్సిన చోట మాత్ర వచ్చి కూర్చుంటోంది. మాత్ర నిజంగా అవసరమైన పిల్లాడికేమో అది అందట్లేదు. ఈ రెండూ ఒకే ఊళ్ళో, ఒకే రోజున, నా కౌంటర్ మీదే జరుగుతున్నాయి.

1. చీటీ ఒకడిది, మింగేది ఏడుగురు

జనవరిలో ఒక సాయంత్రం ఒక హాస్టల్ ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. చేతిలో లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం, దాని మీద వరసగా ఏడు పేర్లు, పక్కన రూము నంబర్లు. దానికి పిన్ను కొట్టి ఒక డాక్టరు చీటీ జిరాక్సు. "అందరికీ అదే మాత్ర సార్, క్లోనజెపాం పాయింట్ టూ ఫైవ్. ప్రీఫైనల్స్ కదా, నిద్ర పట్టట్లేదంటున్నారు." చీటీ మీదున్న పేరు ఆ ఏడింటిలో మూడోది. తేదీ నాలుగు నెలల కిందటిది. ఇవ్వనన్నాను. గొడవేమీ పడలేదు. పావుగంటకి మళ్ళీ వచ్చి ఓఆర్‌ఎస్ పాకెట్లు అడిగాడు. డబ్బులు తీస్తుంటే జేబులోంచి ఇంకో షాపు కవరు బయటికొచ్చింది, అందులో షీట్లు.

మళ్ళీ ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే ఒక చీటీకి మందు ఒక్కసారే ఇవ్వాలి. డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు చెప్పేది అదే. ఇది తెలియని ఫార్మసిస్టు లేడు.

నన్ను నేను మినహాయించుకోను. ఆరేళ్ళ కిందట తెలిసినాయన ఒకరు వచ్చి "మావాడు మూడు రోజులుగా పడుకోవట్లేదు తమ్ముడూ" అంటే, చీటీ అడక్కుండా అల్ప్రాజోలం నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇచ్చాను. మర్నాడు పొద్దున ఆయన ఫోను. ఎంత లేపినా పిల్లాడు లేవట్లేదట, తొమ్మిదింటికి ప్రాక్టికల్స్. చివరికి లేచాడు, వెళ్ళాడు, ఏమీ కాలేదు. ఆ గంటన్నర నేను షాపులో ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. ఆ నాలుగు బిళ్ళలు ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

2. రిజిస్టర్ ఉంది, అందులో పిల్లలు కనబడరు

విచ్చలవిడిగా అమ్మకుండా కొన్ని మందుల్ని షెడ్యూల్ హెచ్1 కింద పెట్టారు. 2013 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చి, 2014 మార్చి 1 నుంచి అమలు చేశారు. నిద్రకి, టెన్షన్‌కి ఇచ్చే అల్ప్రాజోలం, డయాజెపాం, నైట్రాజెపాం, జోల్పిడెం అందులో ఉన్నాయి. వీటిని అమ్మితే విడిగా రిజిస్టర్ రాయాలి: డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చాం. ఆ రిజిస్టర్‌ని మూడేళ్ళు దాచాలి. గడులు మళ్ళీ చదవండి. పేషెంటు వయసుకి గడి లేదు. పదహారేళ్ళ పిల్లాడికి ఇచ్చినా డెబ్భై ఏళ్ళ తాతకి ఇచ్చినా ఆ పుస్తకంలో ఒకటే వరస.

ఇంకో సంగతి. ఆ నోటిఫికేషన్‌లో 46 మందుల పేర్లున్నాయి. హాస్టళ్ళ నుంచి నా దగ్గరికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్లోనజెపాం వాటిలో లేదు.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు ఫ్రిజ్ చూస్తారు, ఎక్స్‌పైరీ డబ్బా చూస్తారు, బిల్లు పుస్తకం తిరగేస్తారు. ఇన్నేళ్ళలో "పద్దెనిమిది లోపు వాళ్ళకి ఎన్ని ఇచ్చావు?" అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా నా పుస్తకంలో జవాబు లేదు.

3. చదువు కోసం ఇచ్చిన మాత్ర చదివింది తుడిచేస్తుంది

క్లోనజెపాం, అల్ప్రాజోలం లాంటివి నిద్ర పట్టిస్తాయి, టెన్షన్ దించుతాయి. కొత్తగా చదివింది బుర్రలో నిలవకుండా కూడా చేస్తాయి. రాత్రి పదకొండున్నరకి మింగి, అయిదింటికి బెల్లు కొడితే లేచి స్టడీ అవర్లో కూర్చున్న పిల్లాడికి మత్తు దిగదు. మార్కులు తగ్గుతాయి, సెక్షన్ మారుస్తారు, టెన్షన్ పెరుగుతుంది, మాత్ర అర నుంచి ఒకటవుతుంది.

కొన్ని వారాలు వరసగా వాడి ఠక్కున ఆపేస్తే అసలు ప్రమాదం మొదలవుతుంది. చేతులు వణకడం, నిద్ర పూర్తిగా పోవడం, కొందరికి ఫిట్స్. మన పిల్లలకి ఇది క్యాలెండర్ ప్రకారం వస్తుంది. పరీక్షలైపోయాక పెట్టె సర్దుకుని ఊరెళ్తారు. చీటీ విజయవాడ డాక్టరుది, ఊరేమో మార్కాపురం అవతల. మాత్ర సంగతి ఇంట్లో తెలిసిన మరుక్షణం "అలవాటైపోతుంది, పారెయ్" అంటాడు నాన్న. ఆయన భయం న్యాయమైనదే. మెల్లగా తగ్గించుకుంటూ రావాలని ఆయనకి చెప్పినవాళ్ళు లేరు.

డిప్రెషన్ మాత్రా నిద్ర మాత్రా కలిపి ఒకే బిళ్ళగా వచ్చేవి ఇంకో తలనొప్పి. నిద్ర మాత్ర ఆపి రెండోది కొనసాగించాల్సిన రోజు వస్తుంది. బిళ్ళ ఒకటే, దేన్ని ఆపుతారు?

ప్రొప్రనలాల్ గురించి ఒక్క ముక్క. వైవాకి ముందు గుండెదడ తగ్గుతుందని వాడుతున్నారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. డిసెంబరులో నా దగ్గరే ఇన్‌హేలర్ కొన్న పిల్లాడు మార్చిలో ప్రొప్రనలాల్ చీటీ తెచ్చాడు. డాక్టరుకి ఫోన్ చేశాను. "ఆస్తమా అని నాకు చెప్పలేదండీ" అని వెంటనే మార్చారు, థాంక్స్ కూడా చెప్పారు. ఇన్‌హేలర్ ఇంకో షాపులో కొనుంటే?

4. తొలి వారాల్లో చూసే కళ్ళు

2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డిప్రెషన్ మందుల సమాచార పత్రాల్లో నల్లగీతల గడి కట్టి ఒక హెచ్చరిక పెట్టించింది. పిల్లలు, టీనేజర్ల మీద జరిగిన 24 ట్రయల్స్, 4,400 మందికి పైగా పేషెంట్ల లెక్కలు చూస్తే, చనిపోవాలన్న ఆలోచనలు, ప్రయత్నాలు మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో 2 శాతం, అసలు మందు వాడినవాళ్ళలో 4 శాతం. ఆ ట్రయల్స్‌లో ఎవరూ చనిపోలేదు. 2007లో ఆ హెచ్చరికని 24 ఏళ్ళ వయసు దాకా పొడిగించారు. దీన్ని చూసి మందే వద్దని పరిగెత్తకూడదు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు, పిల్లాడిని దగ్గరుండి గమనించే మనిషి ఉండాలని దాని అర్థం. చిరాకు పెరిగిందా, నిద్ర మానేశాడా, విడ్డూరంగా మాట్లాడుతున్నాడా?

ఇప్పుడు మన హాస్టల్ చూడండి. ఫ్లోరుకి నూట యాభై మంది, వాళ్ళకి ఒక ఇన్‌ఛార్జ్. అమ్మానాన్నలతో ఫోను ఆదివారం పది నిమిషాలు, వెనక క్యూ. ఆ పది నిమిషాల్లో "బాగానే ఉన్నానమ్మా" తప్ప ఇంకేం వస్తుంది? ఆ మాత్రల షీటు పిల్లాడి ట్రంకు పెట్టెలోనే ఉంటుంది, నెలకి సరిపడా ముప్పై బిళ్ళలు ఒక్కచోట. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. నేను ముప్పై బిళ్ళలు లెక్కపెట్టి కవర్లో వేసేటప్పుడు ఆ అంకె నాకు గుర్తొస్తుంది.

5. చిన్నవాళ్ళు

ఇది హాస్టల్ సంగతి కాదు. ఒక అమ్మ తొమ్మిదేళ్ళ బాబుని తీసుకుని ప్రతి నెలా రిస్పెరిడోన్ కోసం వస్తుంది. బాబుకి ఆటిజం. ఈ మందు ఆటిజాన్ని పోగొట్టదు. తీవ్రమైన చిరాకుని, తనని తాను కొట్టుకోవడాన్ని తగ్గిస్తుంది. దానికి 2006 నుంచి అమెరికాలో అనుమతి ఉంది. ఈ బాబుకీ మేలే చేసింది, చెయ్యి కొరుక్కోవడం మానాడు. "కానీ అన్నం తిన్న అరగంటకే ఆకలంటున్నాడన్నా" అంది ఒకరోజు. షాపులో తూకం మెషీను ఉంది, ఎక్కమన్నాను. 41 కిలోలు. పాత చీటీల కట్ట విప్పితే మొదటిదాని మీద 29 అని ఉంది. తర్వాతి పది చీటీల మీద బరువు దగ్గర ఖాళీ. షుగరు, కొవ్వు పరీక్షల ఊసే లేదు. ఆమె ఆ రెండు అంకెలూ చూస్తూ నిలబడింది. బాబు దిగి మళ్ళీ ఎక్కాడు, ఎర్రంకెలు వెలగడం వాడికి నచ్చింది.

సోడియం వాల్‌ప్రోయేట్ గురించి కూడా చెప్పాలి. మూర్ఛకి పాత మందు. "కోపం ఎక్కువ" అన్న ఆడపిల్లలకీ రాస్తున్నారు. గర్భంలో ఉన్న బిడ్డకి దాంతో పెద్ద ముప్పు. అందుకే బ్రిటన్‌లో 2018 నుంచి, గర్భం రాకుండా జాగ్రత్తలు పక్కాగా ఉంటే తప్ప అమ్మాయిలకి ఇవ్వొద్దన్నారు. మన దగ్గర చీటీ పట్టుకొచ్చే మేనమామకి ఈ ముక్క ఎవరు చెప్తున్నారు?

6. అవసరమైనవాడికి దొరకదు

ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) ఉన్న పిల్లలకి ఎక్కువగా పనిచేసేది మిథైల్‌ఫెనిడేట్. అది షెడ్యూల్ ఎక్స్ మందు. అమ్మాలంటే విడిగా లైసెన్సు ఉండాలి, చీటీ రెండు కాపీలుండాలి, ఒక కాపీ షాపువాడు రెండేళ్ళు దాచాలి. ఇంత కట్టుదిట్టం అవసరమే. కానీ ఆ తతంగమంతా ఎందుకని చిన్న షాపులు లైసెన్సే తీసుకోవు. నా దగ్గరా లేదు. పల్నాడులోని ఒక ఊరి నుంచి ఒక తల్లి నెలకోసారి కూలి మానుకుని, బస్సు మారి విజయవాడ వస్తుంది. స్టాకు లేకపోతే ఖాళీ చేతులతో తిరిగి వెళ్తుంది. ఆ నెల స్కూల్లో వాడికి మళ్ళీ "అల్లరి పిల్లాడు" బిరుదు. ఏడుగురికి సరిపడా నిద్ర మాత్రలు పావుగంటలో దొరికిన ఊరు ఇదే. దొడ్డిదారి తెరిచి సింహద్వారానికి తాళం వేసుకున్నాం.

ఇక అడిగేవి.

ఔషధ నియంత్రణ అధికారులకు: రూలు కేంద్రానిది, గడులు మార్చడం మా చేతిలో లేదంటారు. కేంద్రానికి రాయండి, క్లోనజెపాంని కూడా హెచ్1లో చేర్చమనండి. ఈలోపు, మనసుకి సంబంధించిన ఏ మందు పద్దెనిమిది లోపు వాళ్ళకి ఇచ్చినా బిల్లు మీద వయసు రాయమని సర్క్యులర్ ఇవ్వండి. మూడు నెలలకోసారి ఆ లెక్క తీసుకుని, పేర్లు లేకుండా జిల్లాలవారీగా బయట పెట్టండి. డిసెంబరు నుంచి మార్చి దాకా జూనియర్ కాలేజీల చుట్టుపక్కల షాపులు తనిఖీ చేయండి, నాదాంతోనే మొదలుపెట్టండి.

వైద్య ఆరోగ్య శాఖకు: పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. ఆటిజం, ఏడీహెచ్‌డీ, చదువులో ఇబ్బందులు గుర్తించడం ఆ టీముల పనే. గుర్తించాక పంపడానికి చోటు ఉండాలి. ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో వారానికి ఒక రోజు పిల్లల మానసిక ఓపీ పెట్టండి, ఆ రోజు సైకాలజిస్టు కూడా ఉండేలా చూడండి. మిథైల్‌ఫెనిడేట్ అక్కడి ఫార్మసీలోనే ఇవ్వండి.

ఇంటర్ బోర్డుకు: 2023లో విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయిన కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచీలుగా విడదీయొద్దంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇమ్మంది. చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాలంది. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసు ఇది. కాలేజీలవారీగా కౌన్సెలర్ పేరు, అర్హత, ఏ రోజు ఏ గంటల్లో ఉంటారో మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. కెమిస్ట్రీ లెక్చరర్‌కి రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి కౌన్సెలర్ అని బోర్డు తగిలిస్తే ఒప్పుకోవద్దు. హాస్టల్లో వాడే మాత్రలు పేరు రాసిన డబ్బాల్లో తాళం కింద ఉండాలి. ఏ రోజుది ఆ రోజు ఇచ్చి సంతకం తీసుకోవాలి, అమ్మానాన్నలకి తెలిసే ఇవ్వాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ (ఫోనులో మానసిక సహాయం అందించే ప్రభుత్వ సేవ) నంబరు 14416 ఒక హాస్టల్ గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉండడం చూశాను. సంతోషం. ఆ హాస్టల్లో పిల్లలకి ఫోన్లు నిషేధం. ఆ నంబరుకి మాత్రమే పోయే ఫోను ఒకటి, చుట్టూ ఎవరూ లేని చోట పెట్టించండి.

డాక్టర్లకు: మీ ఓపీలో రోజుకి ఎనభై మంది ఉంటారని తెలుసు. అయినా పిల్లల చీటీ మీద నాలుగు రాయండి: వయసు, బరువు, ఏ జబ్బుకి, మళ్ళీ ఎప్పుడు రావాలి. పదిహేను రోజుల్లో రమ్మని నెలకి మందు రాయకండి. కలిపిన బిళ్ళలు పిల్లలకి వద్దు. మెడికల్ రెప్ చెప్పే మాట విన్నప్పుడు పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు కథ గుర్తు చేసుకోండి. పద్దెనిమిది లోపు వాళ్ళకి అనుమతి లేని ఆ మందుని వాళ్ళకీ వాడమని ప్రచారం చేసినందుకు, ఇంకొన్ని నేరాలతో కలిపి, గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2012లో అమెరికాలో 300 కోట్ల డాలర్లు కట్టింది.

ఫార్మసిస్టు మిత్రులకు: మందు ఇచ్చాక చీటీ మీద షాపు పేరు, తేదీతో ముద్ర వేయండి. ఇదీ రూలులో ఉన్నదే, మనం మర్చిపోయాం. జనవరిలో ఆ ఏడు పేర్ల కాగితం చూసిన మర్నాడే నూట యాభై రూపాయలు పెట్టి స్టాంపు చేయించాను. ముద్ర ఉన్న చీటీ జిరాక్సు నా దగ్గరికి వస్తే ఇవ్వను. మీ దగ్గరికొచ్చినా ఇవ్వకండి. బేరం పోతుందంటారా, నాకూ పోయింది.

కొత్త బ్యాచీలు జూన్‌లో వస్తాయి. ఈసారి మెసేజ్ వద్దు. పైన అడిగిన వాటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, ఎందుకు చేయరో కాగితం మీద రాసి పంపండి. దాన్ని తూకం మెషీను పక్కన గోడకి అంటిస్తాను. షాపుకొచ్చే అమ్మానాన్నలు చదువుకుంటారు.

ఇట్లు,
విజయవాడ శివార్ల నుంచి ఒక ఫార్మసిస్టు